పురిటి మంచం మీద కుదిరిన సంబంధాలు

మా వైపు మేనరికాలు మామూలు, ఆడపిల్ల పుడితే పురిటి మంచం మీదే సగం సంబంధం కుదిరిపోయేది. చూడ్డానికొచ్చిన మేనత్త పిల్ల నుదుటి మీద చాదు బొట్టు దిద్దుతూ "ఇదిగో వదినా ఇది మా వాడిది, ఇంకెవరికీ మాట ఇవ్వకండి" అనేసేది, అమ్మ నవ్వేది, నాన్న ఏం మాట్లాడేవాడు కాదు, అంతే, దానికి వేరే తాంబూలాలు అక్కర్లేదు. మా అక్క పుట్టినప్పుడు అలాగే అయిందంట. అక్క తరవాత అన్నయ్య, వాడి తరవాత నేను. నేను పుట్టేసరికే అత్తయ్యకి రెండో కొడుకు ఉన్నాడు కాబట్టి నాకూ ఒక మొగుడు రెడీగా ఉన్నాడన్నమాట.

మాది పాలకొల్లు దగ్గర, అత్తయ్య వాళ్ళది గోదావరి అవతల రాజోలు వైపు. చించినాడ దగ్గర వంతెన లేని రోజులు, నరసాపురం దాకా బస్సులో వెళ్ళి రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లిలో దిగాలి. వేసవి సెలవులు ఇవ్వడం ఆలస్యం మమ్మల్ని ముగ్గుర్నీ నాన్న పంటు ఎక్కించేసేవాడు. పంటు మీద మోటారు సైకిళ్ళు, పాల క్యాన్లు, కోళ్ళ గంపలు, పెళ్ళికి వెళ్ళేవాళ్ళ పట్టుచీరలు అన్నీ ఒకదాని మీద ఒకటి ఉండేవి, మధ్యకి వచ్చాక గాలికి ఎవరి మాట ఎవరికీ వినపడేది కాదు. అవతలి రేవులో పెద్ద బావ సైకిల్ పట్టుకుని నిలబడి ఉండేవాడు, మేం దిగగానే అక్క చేతిలో సంచీ ఒక్కటే అందుకునేవాడు, నా సంచీ నేనే మోసుకోవాలి. నాకు ఒళ్ళు మండిపోయేది. చిన్న బావ అసలు రేవుకే వచ్చేవాడు కాదు, ఎక్కడో తాటితోపులో ముంజలు కొట్టిస్తూ ఉండేవాడు.

అత్తయ్య వాళ్ళది మండువా ఇల్లు. పిల్లలందర్నీ వరసగా కూర్చోబెట్టి కుంకుడుకాయ రసంతో తలంటేది, కళ్ళు మండుతున్నాయని ఏడిస్తే నోట్లో ఉప్పుకల్లు పెట్టేది. కొబ్బరి దింపు రోజైతే తోటలోనే ఉండిపోయేవాళ్ళం, దింపువాళ్ళు పైనుంచి గెల వదిలితే నేల అదిరేది, అత్తయ్య "దూరం దూరం" అని అరుస్తూనే ఉండేది. మాకు అదంతా ఆటే. అక్కకి మాత్రం ఆట కాదు. పదమూడేళ్ళు కూడా నిండని పిల్లకి అత్తయ్య భోషాణం తాళాలిచ్చి లోపల ఏ జాడీలో ఆవకాయ ఉంది, ఏ జాడీలో మాగాయ ఉంది, ఏ డబ్బాలో పాకుండలు ఉన్నాయి, పాలేరుకి అన్నం ఎంత పెట్టాలి, మావయ్యకి మజ్జిగలో ఉప్పు ఎంత వెయ్యాలి అన్నీ చూపించేది. "నీ ఇల్లే ఇది, ఇప్పట్నుంచీ అలవాటు చేసుకో ఆయ్" అనేది. అక్క కూడా ఆ తాళాలు నడుముకి దోపుకుని తెగ పెత్తనం చేసేసేది మా మీద.

ఇంక ఎటకారాలు సరే సరి. పెళ్ళి పందిట్లో ఎవరో ఒక పెద్దావిడ నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని "ఏవే నీ మొగుడేడే" అంటే అయిదేళ్ళదాన్ని అమాయకంగా చిన్న బావ వైపు వేలు చూపించేదాన్నంట, అందరూ పగలబడి నవ్వేవాళ్ళంట. వాడు పారిపోయేవాడంట. బావా మరదళ్ళ వరస ఉంటే పసుపు నీళ్ళు పోసుకోవచ్చు, జడ లాగొచ్చు, ఎంత మాటైనా అనొచ్చు, ఎవరూ తప్పు పట్టరు. అదే పెదనాన్న పిల్లలతో అంటే వీపు విమానం మోతే, వాళ్ళు అన్నాచెల్లెళ్ళు. ఒకే తాత మనవలం, ఒక వైపు అన్నయ్యలు, ఇంకో వైపు మొగుళ్ళు. చిన్నప్పుడు ఇందులో ఏ వింతా అనిపించలేదు, మా ఆయన స్నేహితుడొకాయన ఉత్తరాది మనిషి, ఈ సంగతి చెప్తే అన్నం తినడం ఆపేసి చూశాడు. వాళ్ళలో ఏ వైపు కజిన్ అయినా చెల్లెలే కదా. ఎప్పటిదో పాత గ్రంథం బౌధాయన ధర్మసూత్రంలోనే దక్షిణాది వాళ్ళ ఆచారాల్లో మేనమామ కూతుర్ని, మేనత్త కూతుర్ని చేసుకోవడం ఒకటని రాశాడు, అంటే ఈ ఆశ్చర్యం ఇప్పటిది కాదన్నమాట. మా తాతయ్య మాత్రం అంత దూరం వెళ్ళేవాడు కాదు, అర్జునుడికి సుభద్ర ఏమవుతుందిరా, మేనమామ వసుదేవుడి కూతురు కాదా, శశిరేఖకి అభిమన్యుడు ఎవరు, బావ కాదా, దేవుళ్ళకి లేని పట్టింపు మనకెందుకు అనేవాడు. ఆ లెక్కకి ఎదురు లేదు.

అసలు సంగతి దేవుళ్ళ దగ్గర లేదు, పొలం దగ్గర ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు వచ్చి మా డెల్టా అంతా సార్వా దాళ్వా రెండు పంటల నేలైపోయింది, సెంటు భూమి కూడా వదులుకోబుద్ధి కాదు ఎవరికీ. ఆడపిల్లకి పసుపు కుంకుమ కింద పొలం ఇవ్వాలి, ఇస్తే అది ఎవరో ముక్కూ మొహం తెలీని వాళ్ళ పేరుకి పోతుంది. తాతయ్య అత్తయ్యకి కాలవ పక్కన ఎకరన్నర ఇచ్చాడు, అక్క పెళ్ళికి నాన్న సరిగ్గా దాని పక్క ముక్క ఇచ్చాడు, ఆ ఏడాది దమ్ముకి ముందే మావయ్య రెండిటి మధ్య గట్టు తీయించేశాడు. నేను చూశాను ఆ గట్టు తవ్వడం, ఇద్దరు కూలీలు పొద్దున్న మొదలెడితే మధ్యాహ్నానికి అక్కడ గట్టు ఉండేదన్న గుర్తు కూడా లేదు, నాన్న, మావయ్య గట్టున, అదే గట్టు ఉన్న చోట, బీడీలు కాల్చుకుంటూ నిలబడ్డారు. పైగా అప్పటికి కొత్త చట్టం కూడా వచ్చేసింది, ఆంధ్రలో 1985 సెప్టెంబరు 5 నుంచి ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో మగపిల్లలతో సమానంగా వాటా, ఆ తేదీకి పెళ్ళి కాకుండా ఉన్నవాళ్ళందరికీ. "వాటా ఎలాగూ ఇవ్వాలి, ఆ పోయేదేదో మన చెల్లెలింటికే పోనీ" అని నాన్న అనేవాడు. కట్నం బేరాలు లేవు, లాంఛనాల దగ్గర అలకలు లేవు, ఆడపడుచు కట్నం అడగాల్సిన ఆడపడుచులం మేమే ఆ పక్కా ఉన్నాం ఈ పక్కా ఉన్నాం.

అక్క బాగానే ఉంది అక్కడ. ఇది చెప్పకుండా మేనరికాన్ని తిట్టడం నాకు ఇష్టం లేదు. ఇరవై ఏళ్ళకి పెళ్ళయి వెళ్ళింది కానీ కొత్త ఇంటికి వెళ్ళినట్టు ఎప్పుడూ లేదు, మొదటిరోజే ఏ జాడీ ఎక్కడుందో తెలుసు, అత్తగారి కోపం ఎంతసేపు ఉంటుందో తెలుసు, మావగారు ఎప్పుడు నోరెత్తడో తెలుసు. నేను పెళ్ళయిన కొత్తలో మా అత్తగారింట్లో రెండో ముద్ద కూర వేసుకోడానికి భయపడి పచ్చడితో లేచిపోయిన రోజులున్నాయి, అక్కకి అది తెలీదు. తొలి కాన్పుకి నొప్పులొస్తే అమ్మ పంటు దాటి వెళ్ళేలోపు అత్తయ్యే అంతా చూసుకుంది. అక్కకి ఇద్దరు పిల్లలు, ఇద్దరూ ఏ లోపం లేకుండా ఉన్నారు, దేవుడి దయ. పెద్దవాడి సంగతే చివర్లో చెప్తాను.

మా పిన్నికి అలా జరగలేదు. అమ్మ చెల్లెలు, ఆవిడని ఆవిడ సొంత మేనమామకే ఇచ్చారు, అంటే మా అమ్మమ్మ తమ్ముడికి. మా చిన్నతనంలో అక్క కూతుర్ని చేసుకోవడం చాలా మామూలు, ఇద్దరికీ పదేళ్ళు తేడా ఉన్నా ఎవరూ ఏమనుకునేవాళ్ళు కాదు. మొదటి పాప ఏడాది నిండకుండానే పోయింది, ఎందుకు పోయిందో ఎవరికీ తెలీదు, బాలారిష్టం అన్నారు. రెండోవాడు పుట్టాడు, బొద్దుగా ఉండేవాడు, నవ్వేవాడు, పిలిస్తే మాత్రం ఒక్కోసారి చూసేవాడు ఒక్కోసారి చూసేవాడు కాదు. మగపిల్లలకి మాటలు ఆలస్యంగా వస్తాయి అని అమ్మమ్మ కొట్టిపారేసేది. ఒక దీపావళికి అందరం అమ్మమ్మ ఇంట్లో ఉన్నాం, వీధి అరుగు మీద వాణ్ణి కూర్చోబెట్టి చేతిలో మతాబా పెట్టారు, రెండేళ్ళుంటాయేమో. మా అన్నయ్య సీమటపాకాయల జడ వెలిగించి కావాలనే వాడి వెనకాలే పడేశాడు. మేమంతా చెవులు మూసుకున్నాం. వాడు కదల్లేదు. కళ్ళార్పకుండా మతాబా వైపే చూస్తున్నాడు, జడ అంతా పేలి పొగ వచ్చి ముందుకి తేలితే అప్పుడు వెనక్కి తిరిగి ఆ కాగితం ముక్కల్ని చూసి నవ్వాడు. గుమ్మంలో నిలబడి పిన్ని ఇదంతా చూసింది. ఏమీ అనలేదు, వచ్చి వాణ్ణి ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది, ఆ రాత్రి భోజనానికి రాలేదు.

కాకినాడ తీసుకెళ్ళారు. అక్కడ డాక్టరు గారు చెవులూ గొంతూ చూసి మొట్టమొదట అడిగిన ప్రశ్న "మీరిద్దరూ పెళ్ళికి ముందు ఒకరికొకరు ఏమవుతారమ్మా" అని. అమ్మ వైపు తాతయ్య ఛాతీ విరుచుకుని "సొంత మేనమామేనండి, బయట సంబంధం కాదు" అన్నాడంట, ఏదో మంచి మార్కులు పడతాయి అన్నట్టు. ఆయన పెన్ను పక్కన పెట్టి చాలాసేపు మాట్లాడారంట, అమ్మ చెప్పేది ఆ మాటలు. మనిషి మనిషికీ ఒంట్లో ఏవో కొన్ని లోపాలు దాక్కునే ఉంటాయి, ఒకటే కాపీ ఉంటే అది పడుకునే ఉంటుంది, అమ్మ నుంచి ఒకటి నాన్న నుంచి ఒకటి వచ్చి రెండూ కలిస్తేనే లేస్తుంది, బయటివాళ్ళని చేసుకుంటే అదే లోపం అటు కూడా ఉండే అవకాశం తక్కువ, ఒకే తాతా మామ్మల నుంచి వచ్చినవాళ్ళలో ఎక్కువ, ఇదీ ఆయన చెప్పింది. తాతయ్యకి ఎక్కలేదు, ఆయన దృష్టిలో అది పిన్ని గ్రహణం రోజు కత్తిపీట పట్టుకోవడం వల్ల వచ్చింది. అందరూ పిన్నినే అన్నారు, ఆవిడకి సంబంధం చూసింది తామే అని ఒక్కళ్ళకీ గుర్తు రాలేదు.

వాడు, అంటే మా తమ్ముడు, హాస్టల్లో ఉండి చెవుడు మూగ పిల్లల స్కూల్లో చదువుకున్నాడు, ఇప్పుడు పాలకొల్లులో డీటీపీ షాపు పెట్టుకున్నాడు, మా బంధువుల్లో సగం మంది శుభలేఖలు వాడి చేతి మీదే వెళ్తాయి. ఆ తరవాత ఎప్పటికో ఆరోగ్యశ్రీలో చిన్నపిల్లలకి కాక్లియర్ ఇంప్లాంట్, అంటే వినపడేలా చెవిలో ఆపరేషన్ చేసి పెట్టే పరికరం, పెట్టడం వచ్చింది, వాడి చిన్నప్పుడు ఆ పేరే ఎవరికీ తెలీదు. వాణ్ణి చూసి పాపం అనేవాళ్ళంటే నాకు చిరాకు. కానీ పిన్ని మోసినదేంటో కూడా చూశాను కాబట్టి "ఏముందిలే అందరికీ అవుతుందా" అనేవాళ్ళంటే ఇంకా చిరాకు.

ఇక నా సంగతి. చిన్న బావ కాకినాడలో ఇంజనీరింగ్ చదివాడు. ఫైనలియర్ లో ఉండగా ముహూర్తాలు చూద్దామా అని అత్తయ్య కదిపితే వాడు అన్నం కంచం ముందు కూర్చునే "అమ్మా నాకు దాన్ని చూస్తే చెల్లెల్లా ఉంటుందే" అన్నాడంట. "చెల్లెలేంట్రా బుద్ధిలేని వెధవా, మరదలు" అని అత్తయ్య గరిటె తీసుకుందంట. నిజం చెప్పొద్దూ నాకు హాయిగా అనిపించింది, కొంచెం అవమానంగా కూడా అనిపించింది, రెండూ ఒకేసారి ఎలా అంటే చెప్పలేను. వాడు ముంజలు కొట్టిచ్చేవాడు, లెక్కలు చెప్పేవాడు, నా జడకి గంట కట్టిన వెధవ, వాడితో కాపురం అంటే నాకూ నవ్వొచ్చేది.

కానీ ఇళ్ళల్లో నవ్వలేదు ఎవరూ. బయట సంబంధం తప్పిపోతే ఏమవుతుంది, వాళ్ళ దారి వాళ్ళది మన దారి మనది. ఇక్కడ తప్పిపోయింది అన్నాచెల్లెళ్ళ మధ్య. "నా కూతురు పనికిరాలేదా నీ కొడుక్కి" అని నాన్న, "పెద్దదాన్ని తెచ్చుకోలేదా, నేనేం చెయ్యను అన్నయ్యా" అని అత్తయ్య, ఆ తరవాత అవీ లేవు. ఆ సంక్రాంతికి ఈ రేవు నుంచి ఎవరూ వెళ్ళలేదు, ఆ రేవు నుంచి ఎవరూ రాలేదు, మధ్యలో అక్క నలిగిపోయింది, పుట్టింటిని తిడితే అత్తగారికి కోపం, అత్తగారిని తిడితే తండ్రికి కోపం, ఎందుకంటే ఆ అత్తగారు ఆయన చెల్లెలే కదా. మామ్మ పోయినప్పుడు దినకార్యంలో ఇద్దరూ పక్కపక్కన కూర్చోవాల్సి వచ్చి అప్పుడు మాట్లాడుకున్నారు, అదీ "నెయ్యి ఇలా అందుకో" అని. తెలిసిన ఇల్లు అనే సుఖానికి ఇది వడ్డీ. దీన్ని గురించి ఏ డాక్టరూ చెప్పడు.

నాకు ఇప్పుడు అనిపించేది ఒకటే. అక్కకి మేనరికం కలిసొచ్చింది రక్తం వల్ల కాదు, పదిహేనేళ్ళు ప్రతి వేసవీ ఆ ఇంట్లో తలంటు పోయించుకుంది కాబట్టి. ఇప్పుడు ఆ వేసవులు ఎక్కడున్నాయి. మేనత్త డల్లాస్ లో ఉంటుంది, మేనమామ మియాపూర్ లో ఉంటాడు, పిల్లలకి సెలవుల్లో ఐఐటీ కోచింగ్, బావా మరదళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకునేది ఎవరి గృహప్రవేశానికో గంటసేపు, తరవాత వాట్సాప్ గ్రూపులో హ్యాపీ బర్త్ డే. ఆ పిల్లకి మేనత్త ఇల్లు కూడా బయట సంబంధం అంత బయటే. పొలాలు చేపల చెరువులకీ కౌలుకీ ఇచ్చేశారు, తీయడానికి గట్లు కూడా లేవు. అంటే మేనరికంలో ఉన్న లాభాలన్నీ ఒక్కొక్కటీ జారిపోయాయి, రక్తంలో ఉన్న ప్రమాదం ఒక్కటే అలాగే ఉంది. అయినా ఇప్పటికీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రలో పెళ్ళిళ్ళలో దాదాపు నాలుగోవంతు దగ్గర బంధువుల మధ్యే. అందుకే పెద్దవాళ్ళు కూర్చుని ఇద్దరి పిల్లల్ని కలిపే మేనరికం మాత్రం ఇంక వద్దు అంటాను నేను, ఎవరడిగినా.

ఇలా అని ఊరుకున్న నాకే మా ఇంట్లో పరీక్ష వచ్చింది. అక్క పెద్ద కొడుకు, అన్నయ్య కూతురు, ఇద్దరూ బెంగళూరులో ఉద్యోగాలు, ఒకే పీజీ వీధిలో ఉండి ఒకళ్ళకొకళ్ళు వండుకు పెట్టుకుని, మొత్తానికి పెళ్ళి చేసుకుంటాం అన్నారు. చిత్రం చూడండి, అప్పుడు పెద్దవాళ్ళు చేస్తామంటే పిల్లలు వద్దన్నారు, ఇప్పుడు పిల్లలు చేసుకుంటామంటే పెద్దవాళ్ళు వద్దంటున్నారు. అన్నయ్య ఏవేవో ఫార్వర్డ్ లు పంపిస్తాడు, మేనరికం చేసుకుంటే పుట్టిన వాళ్ళంతా వికలాంగులే అన్నట్టు ఉంటాయి అవి. పిల్ల నాకు ఫోన్ చేసి "అత్తా నువ్వైనా చెప్పు, నిజం ఎంత" అంది. అప్పుడు కూర్చుని తెలిసినవాళ్ళని అడిగి, చదివి, ఒక లెక్క చెప్పాను దానికి.

ఏ పెళ్ళిలోనైనా నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలు ఏదో ఒక పుట్టు లోపంతో పుడతారు. సొంత మేనరికంలో అది రెట్టింపు దాకా అవుతుంది. ఇంగ్లండులో బ్రాడ్ ఫర్డ్ అనే ఊళ్ళో పదకొండు వేల మందికి పైగా పిల్లల్ని గమనించి 2013లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు, అక్కడ పాకిస్తాన్ నుంచి వచ్చిన కుటుంబాల్లో కజిన్ పెళ్ళిళ్ళు ఎక్కువ, వాళ్ళలో మూడు శాతం ఉండేది ఆరు శాతం అయింది. అంటే నూటికి తొంభై నాలుగు మంది ఆ లోపం లేకుండానే పుట్టారు. అదే స్టడీలో ఇంకో సంగతి కూడా ఉంది, ముప్ఫై నాలుగు దాటి పిల్లల్ని కన్న అక్కడి తెల్లవాళ్ళలో కూడా ప్రమాదం రెట్టింపే. మరి మన ఇళ్ళల్లో ముప్ఫై అయిదు దాకా సంబంధాలు చూస్తూ కూర్చునేవాళ్ళకి ఎవరూ ఫార్వర్డ్ లు పంపరు కదా.

బయట సంబంధం అంటే ఎంత బయట అనేది ఇంకో ప్రశ్న. మనం బయట అనేది అదే కులంలో పక్క మండలం. మన దేశంలో చాలా కులాలు చిన్న గుంపుగా మొదలై శతాబ్దాలుగా లోపల్లోపలే చేసుకోవడం వల్ల ఒక్కో కులంలో ఒక్కో రకం జబ్బులు పేరుకునే ప్రమాదం ఉందని హైదరాబాదులో సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ వాళ్ళూ హార్వర్డ్ వాళ్ళూ కలిసి 2017లో చెప్పారు. బంధుత్వం లేకపోయినా రక్తం దగ్గరే ఉండొచ్చన్నమాట. ఇది చెప్తే అన్నయ్య "ఇప్పుడు కులాంతరం చెయ్యమంటావా ఏంటి" అని ఫోన్ పెట్టేశాడు.

ఆఖరికి పిల్లలే హైదరాబాదులో జెనెటిక్ కౌన్సెలింగ్ కి వెళ్ళారు, నేను తోడు వెళ్ళాను. అక్కడ మేడమ్ కాగితం మీద మగవాళ్ళకి చతురస్రం, ఆడవాళ్ళకి సున్నా పెట్టుకుంటూ మా వంశమంతా గీసింది. బంధువుల పెళ్ళి అయితే రెండు గీతలు గీస్తుంది. మా కాగితం మీద రెండు గీతలు ఎక్కడపడితే అక్కడ. ఎవరికి ఎవరు ఏమవుతారు, చిన్నప్పుడు పోయిన పిల్లలు ఎంతమంది, ఎందుకు పోయారు అని అడుగుతుంటే నేను బయటికొచ్చి పిన్నికి ఫోన్, అమ్మకి ఫోన్, ఒక్కొక్కళ్ళూ ఒక్కో లెక్క. అమ్మమ్మకి పోయిన పిల్లల పేర్లు కూడా ఎవరికీ గుర్తు లేవు.

మామూలుగా మేనరికంలో పుట్టే బిడ్డకి ఏదైనా ఒక జన్యువు రెండు వైపుల నుంచీ ఒకే పూర్వీకుడి దగ్గర్నుంచి వచ్చే అవకాశం 6.25 శాతం, మేనమామ మేనకోడలు అయితే 12.5. మా పిల్లల విషయంలో అబ్బాయి అమ్మానాన్నలే మేనరికం కాబట్టి 6.25 కాదు, దాదాపు 7.8 అని మేడమ్ లెక్క వేసి చూపించింది. తరం మీద తరం చేసుకుంటూ పోతే అలా పేరుకుంటుందంట. చట్టం ఒప్పుకుంటుందా అని కూడా అన్నయ్య అడగమన్నాడు, 1955 హిందూ వివాహ చట్టంలో ఇలాంటివి నిషిద్ధ వరసల్లోనే ఉన్నాయి కానీ ఆచారం ఉన్నచోట చెల్లుతుంది, మనకి ఆచారానికేం కొదవ.

అసలు భయం పిన్ని కొడుకు గురించే. వాడి చెవుడుకి కారణమైన జన్యువు అమ్మమ్మ వైపు నుంచి వచ్చి ఉంటే మా అమ్మలో ఉండొచ్చు, అక్కలో, అన్నయ్యలో ఉండొచ్చు, అక్కణ్ణుంచి ఈ ఇద్దరికీ చేరి ఉండొచ్చు. అందుకని ముందు వాడికి టెస్ట్ చేసి ఏ జన్యువో పట్టుకుంటే అప్పుడు ఈ ఇద్దరికీ దానికోసం చూడొచ్చు అంది, పుట్టు చెవుడుల్లో కనెక్సిన్ 26 అనే జన్యువుని ముందు చూస్తారంట, తలసీమియా లాంటి రక్తం జబ్బులు ఎలాగూ విడిగా చూస్తారు. ఇద్దరిలోనూ ఉంటే ప్రతి కాన్పుకీ నాలుగో వంతు అవకాశం, ఒక్కళ్ళలోనే ఉంటే దాని గురించి భయం లేదు. నేను పాలకొల్లు వెళ్ళి తమ్ముడికి కాగితం మీద రాసి చూపించాను ఎందుకు రక్తం కావాలో. అంతా చదివి నవ్వి, కింద "శుభలేఖలు నేనే వేస్తాను, ఫ్రీ కాదు" అని రాసి చెయ్యి చాపాడు.

వాడి రిపోర్ట్ వచ్చింది, కనెక్సిన్ 26లోనే దొరికింది. అబ్బాయికి కూడా ఆ లోపం ఒక కాపీ ఉంది. పిల్లకి లేదు. మిగతా టెస్టుల్లో కూడా ఇద్దరికీ కలిసిన లోపం ఏదీ కనపడలేదు, కనపడనివి ఉండవని ఎవరూ చెప్పలేరు, ఆ మాట మేడమ్ రెండుసార్లు చెప్పింది, పిల్లలిద్దరూ విన్నారు. కాన్పు టైములో అయిదో నెల స్కాన్, పుట్టగానే చెవుల టెస్ట్ తప్పకుండా చేయించుకోమంది. చేసుకోండి అన్నాను నేను. అన్నయ్య ఇంకా ఊఁ అనలేదు. ఎనభై దాటిన అత్తయ్యకి మాత్రం ఇవేవీ పట్టలేదు, ఫోన్ లో నన్ను పట్టుకుని "రక్తాలు ఇచ్చుకున్నారు సరే, మీ అన్నయ్య పిల్లకి ఏ ముక్క ఇస్తాడంట" అని అడుగుతోంది.